ఇసుక అంచున షింఖీత్

మద్రసాలో చదువుకున్నవారికి షింఖీతీ అనే పేరు కొత్తది కాదు. 'అద్వాఉల్ బయాన్' తఫ్సీర్ రచించిన షేఖ్ ముహమ్మద్ అమీన్ షింఖీతీ (రహ్మ) ఆ నేల బిడ్డే. ఆయన పుట్టింది ఆ పట్టణంలో కాదు. పశ్చిమాఫ్రికాలోని మారిటేనియా దేశమంతటినీ ఒకప్పుడు అరబ్బులు ఈ ఒక్క చిన్న పట్టణం పేరుతోనే 'బిలాదు షింఖీత్' అని పిలిచేవారు. దేశానికే పేరిచ్చిన ఊరిని చూడాలన్నది మా చిరకాల వాంఛ. రాజధాని నవాక్షోత్‌లో ఉద్యోగం చేస్తున్న మా పూర్వ విద్యార్థి ఒకరి ఆహ్వానం రూపంలో అల్లాహ్ దానిని నెరవేర్చాడు.

అతార్ పట్టణం వరకు ప్రయాణం సుఖంగానే సాగింది. అక్కడి నుండి సుమారు 80 కిలోమీటర్ల కొండదారి మా నడుములను పరీక్షించింది. అస్ర్ వేళకు చేరాము. ఎండిన వాగుకు ఒకవైపు కొత్త ఊరు, మరొకవైపు పాత ఊరు. పాత ఊరిలో గోడలన్నీ పూత లేని రాతి గోడలే. కొన్ని ఇళ్ళ తలుపులు సగం వరకు ఇసుకలో కూరుకుపోయాయి. 1996లో యునెస్కో మరి మూడు ఎడారి పట్టణాలతో పాటు దీనినీ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అయినా ఇసుక రాక ఆగలేదు.

ప్రాచీన మస్జిద్ మీనారు చతురస్రాకారంలో ఉంటుంది. దాని కొనలపై ఉష్ట్రపక్షి గుడ్లు అమర్చారు. అక్కడ మగ్రిబ్ నమాజు చేశాము. వారు మాలికీలు, చేతులు కట్టుకోకుండా వదిలి నిలబడతారు. ఇమాం గారు ఫాతిహాలో 'మాలికి' అనే పదాన్ని దీర్ఘం లేకుండా 'మలికి' అని చదివారు. సలాం చెప్పగానే మా తమ్ముని కుమారుడు, "బడే అబ్బా, ఇమాం సాబ్ తప్పు చదివారు కదా?" అని గుసగుసలాడాడు. అది తప్పు కాదనీ, మనం చదివేది హఫ్స్ రివాయత్ అయితే వారిది వర్ష్ రివాయత్ అనీ వివరించాము. ఆ వివరించడంలో కొంత పాండిత్య గర్వం కూడా ఉన్నదని ఒప్పుకోవాలి.

మరునాటి ఉదయమే ఆ గర్వం దిగిపోయింది. ఒక ఇంటి నీడలో పిల్లలు కొయ్య పలకలపై దివ్యఖుర్ఆన్ వ్రాసుకొని వల్లిస్తున్నారు. సిరా బొగ్గుతో, తుమ్మజిగురుతో చేసినది. పాఠం కంఠస్థమైన తరువాతనే పలక కడుగుతారు. మేము ఒక పలక అందుకొని బిగ్గరగా చదవబోయి 'ఖుల్'ను 'ఫుల్' అన్నాము. మగ్రిబీ లిపిలో 'ఖాఫ్'కు పైన ఒక్కటే చుక్క. 'ఫా' చుక్క క్రింద ఉంటుంది. ఎనిమిదేళ్ళ బాలుడు నవ్వకుండా, ఎంతో అదబుతో మమ్మల్ని సరిదిద్దాడు. ముప్పై ఏళ్ళుగా ఖాయిదా బోధిస్తున్నవారం!

తరువాత ఒక కుటుంబ గ్రంథాలయానికి వెళ్ళాము. తరతరాలుగా ఆ ఇంటివారే దానికి కాపలా. వృద్ధుడైన యజమాని పళ్ళున్న కొయ్య తాళంచెవితో కొయ్య తాళం తీశారు. తఫ్సీర్, ఫిఖహ్, వ్యాకరణం, ఖగోళం. తోలు అట్టల మధ్య ఉన్న కాగితాల అంచులు వ్రేలు తగిలితే రాలిపోయేలా ఉన్నాయి. మా కితాబీ అరబీకి ఆయన చిరునవ్వు నవ్వి, మెల్లగా మాట్లాడసాగారు.

"రాజధానికి పంపితే భద్రంగా ఉంటాయి కదా?" అని అడిగాము.

"ఇవి మా తాతల అమానత్. వీటిని పంపివేస్తే ఈ ఊరిలో మేము ఎందుకు ఉన్నట్లు?" అన్నారు.

ఆ జవాబు మాకు పూర్తిగా సమ్మతం కాలేదు. చెదలకు, ఇసుకకు వంశగౌరవం అడ్డు కాదు. కానీ మారు చెప్పకముందే ఆయన రెండవ గ్లాసు టీ అందిస్తూ, "మీ ఊరిలో చేతివ్రాత కితాబులు ఎన్ని ఉన్నాయి?" అని అడిగారు.

ఇరవై ఏళ్ళ క్రితం మా మద్రసా అటక మీది చెదలు పట్టిన కితాబులను మేమే గోనెసంచులకెత్తి, అదబుగా కృష్ణా నదిలో కలిపాము. వాటిలో ఫార్సీ వ్రాతప్రతులు ఉండేవని పెద్దలు అనేవారు. ఒక్కటైనా విప్పి చూడలేదు.

ఉన్నది ఉన్నట్లు చెప్పాము. ఆయన ఏమీ అనలేదు. ఆ దేశపు మర్యాద ప్రకారం మూడవ గ్లాసు కూడా పోసి మా ముందుంచారు.