నాణెం వచ్చింది, రసీదు ఏదీ?

క్రిప్టో పుచ్చుకోవచ్చా, నేరమా అని మా అశోక్ చౌక్ కుర్రాళ్లు నన్ను తరచు అడుగుతుంటారు. 2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటినీ ఈ వ్యవహారానికి దూరంగా ఉండమంది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2022 బడ్జెట్‌లో దాని లాభం మీద 30 శాతం పన్ను వేశారు. పన్ను వేశారంటే చెల్లుబాటు అయినట్టే కదా అంటారు వీళ్లు. పన్ను కట్టినంత మాత్రాన అది రూపాయి అయిపోదు మరి.

మా అక్క కొడుకు సంగతే చెబుతాను. బావగారు రెండు సాంచాలు అమ్మి వాణ్ణి చదివించారు. దుకాణాల సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేసి, నెలకు పది డాలర్ల చందాకు పరదేశాల వాళ్లకు ఇస్తున్నాడు. మన పత్రిక చందా లాంటిదే, కాకపోతే వాడి దగ్గర చందా ఆగితే సరుకూ ఆగుతుంది!

"మామా, కొందరు డాలరుతో ముడిపెట్టిన నాణేల్లో కడతామంటున్నారు. కార్డు కమీషన్ ఉండదు, కట్టిన డబ్బు వెనక్కి లాక్కునే బెడదా ఉండదు" అన్నాడు.

వాడన్నదాంట్లో నిజం ఉంది. కాని కార్డుకు ఒకసారి అనుమతిస్తే నెలనెలా సొమ్ము దానంతట అదే కోసుకోవచ్చు. నాణేన్ని మాత్రం సాధారణంగా ఖాతాదారే గుర్తుపెట్టుకుని పంపాలి. ముడి గట్టిదన్న భరోసా కూడా లేదు. అలాంటి టెర్రా నాణెం 2022 మే నెలలో కుప్పకూలింది. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైనవి దొంగలు కొల్లగొడితే, ఖాతాదారులు తమ సొమ్ము కోసం నెలల తరబడి ఎదురుచూశారు.

ఇవన్నీ ఒక ఎత్తు, కాగితం ఒక ఎత్తు. పరదేశం నుంచి డాలర్లు బ్యాంకు ద్వారా వస్తే మేం ధ్రువపత్రం ఇస్తాం. ఎగుమతి సొమ్ము ముట్టిందని ఫెమా కింద చూపేది అదే. సేవను ఎగుమతిగా లెక్కించాలంటే, అనుమతి ఉన్న రూపాయి చెల్లింపులు తప్ప, మారకానికి వీలైన విదేశీ ద్రవ్యమే రావాలని జీఎస్టీ చట్టం అంటుంది. నాణెం వస్తే ఏ బ్యాంకు ఆ పత్రం ఇస్తుంది? రిజిస్ట్రేషన్ ఉన్నవాడి మెడకు 18 శాతం చుట్టుకోవచ్చు. రేపు వాడు ఇంటి రుణానికి వస్తే, మా మేనేజరు చూసేది ఖాతాలో జమలే గాని ఫోన్‌లోని నాణేలు కావు. అద్దె ఇంట్లోంచి అక్క బయటపడాలంటే వాడికి ఆ జమలే ఆధారం.

బ్యాంకు ద్వారానే కట్టమని వాడు రాశాడు. ఇద్దరు మానేశారు. అక్క నామీద కాస్త కినుకగానే ఉంది.

ఇప్పటికే పుచ్చుకున్నవాళ్లు, అందిన రోజు ధరను రూపాయల్లో రాసిపెట్టుకోండి. అది వ్యాపార ఆదాయం. తర్వాత ధర పెరిగి అమ్మితే ఆ లాభానికి వేరే పన్ను, తగ్గితే ఆ నష్టాన్ని మరో ఆదాయంలో తీసేయడానికి వీల్లేదు. ఇక్కడి ఎక్స్ఛేంజీలో అమ్మితే ఒక శాతం ముందే కోస్తారు. సి.ఏ. దగ్గరికి ఇప్పుడే వెళ్లండి. మార్చి నెలాఖరులో వాళ్లకూ మాకూ తల ఎత్తే తీరిక ఉండదు.