పట్టా లేని కొబ్బరితోట

తెలుగులో 'ఆస్తి' అన్న మాటకు మూలం సంస్కృతంలోని 'అస్తి'. 'ఉన్నది' అని దాని అర్థం. ఎవరికి ఉన్నది, ఎంత ఉన్నది, ఎన్నాళ్లు ఉంటుంది అన్న ప్రశ్నలతో ఆ మాటకు నిమిత్తం లేదు. వాటిని తేల్చడానికే మనకు కరణాలు, దస్తావేజులు, సర్వే రాళ్లు, న్యాయస్థానాలు ఏర్పడినవి. అనువాదం వృత్తిగా గల నాబోటివారికి ఇటువంటి మాటలతో నిత్యం పని పడుతూనే ఉంటుంది. కాని ఆస్తికి సంబంధించిన ఒక మాట మాత్రం ఇరవై ఏళ్లుగా నా వద్ద తెలుగు కాకుండానే ఉండిపోయినది. అది కార్ నికోబార్ దీవి ప్రజలు వాడే 'తుహెట్' అన్న మాట.

అండమాన్, నికోబార్ అని ఒక్క ఊపిరిలో అంటాము గాని, ఆ రెండింటి మధ్య టెన్ డిగ్రీ చానెల్ అనే విశాలమైన సముద్రభాగం ఉన్నది. ఉత్తరాన అండమాన్‌లో బెంగాలీలు, తమిళులు, తెలుగువారు తరతరాలుగా స్థిరపడ్డారు. పోర్ట్ బ్లెయిర్ (2024 నుండి దాని పేరు శ్రీ విజయపురం) బజారులో శ్రీకాకుళం యాస కొత్త కాదు. నికోబార్ సంగతి వేరు. 1956 నాటి ఆదిమ తెగల పరిరక్షణ శాసనం ప్రకారం అక్కడికి బయటివారు అనుమతి లేకుండా పోరాదు, భూమి సంపాదించుకోరాదు. కార్ నికోబార్ చదునైన పగడపు దీవి. వైశాల్యం సుమారు 127 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనాభా 18,000కు కొంచెం తక్కువ. కొబ్బరి, మొగలి, పంది అనే మూడింటి మీద వారి బ్రతుకు నడుస్తుంది. మొగలి అనగానే మనకు పువ్వు, పరిమళం, పొదలో పాము గుర్తుకు వస్తాయి. వారికి గుర్తు వచ్చేది పండు. దానిని ఉడికించి, గుజ్జు తీసి, భోజనంగా తింటారు.

2004 డిసెంబరు 26 ఉదయం సునామీ ఆ దీవి తీరగ్రామాలను తుడిచిపెట్టినది. మరుసటి సంవత్సరం ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున దుబాసీగా నేను అక్కడికి వెళ్లాను. జనమంతా లోతట్టున రేకుల షెడ్లలో ఉంటున్నారు. నష్టాల వివరాలు రాసుకునే పత్రం ఆంగ్లంలో ఉన్నది. ప్రశ్నలు హిందీలో అడగాలి. కుటుంబ యజమాని ఎవరు, కుటుంబంలో ఎందరు, పోయిన చెట్లు ఎన్ని, బ్యాంకు ఖాతా సంఖ్య ఎంత అన్నవి అందులోని గళ్లు.

మా ఎదుట కూర్చున్న పెద్దాయనకు డెబ్బై ఏళ్లు పైబడి ఉంటాయి. నేను అనువాదకుడినని తెలియగానే ఆయన ముఖం వికసించినది. ఆ దీవిలో అనువాదకులకు ఉన్న గౌరవానికి బిషప్ జాన్ రిచర్డ్‌సన్ కారణమై ఉండాలి. నూతన నిబంధనను నికోబారీ భాషలోకి తెచ్చినవారు, 1952లో తొలి లోక్‌సభకు నామినేట్ అయినవారు ఆయనే. కుటుంబంలో ఎందరని అడిగితే పెద్దాయన వేళ్లు మడుస్తూ పేర్లు చెప్పసాగారు. యాభై దాటినా ఆగలేదు. భార్య, పిల్లలు మాత్రమే చెప్పండి చాలునని నా పక్కనున్న యువకుడు అన్నాడు. పెద్దాయన కొంతసేపు ఊరుకుని, మరి మిగిలినవారు ఎవరని అడిగారు. పత్రంలో ఆ ప్రశ్నకు గడి లేదు.

చెట్లు ఎవరివని అడిగినప్పుడు ఆయన 'హమారా' అన్నారు. అసలు చిక్కు అక్కడున్నది. తెలుగులో 'మా' వేరు, 'మన' వేరు. ఇండొనేషియన్ భాషలోనూ 'కామి', 'కితా' అని ఈ భేదం ఉన్నది. హిందీలో 'హమారా' అంటే మాది కావచ్చు, మనది కావచ్చు, ఒక్కొక్కప్పుడు నాది కూడా కావచ్చు. యువకుడు ఆ చెట్లను ఆయన పేరున రాసుకున్నాడు. నేను ఆపి, ఇవి ఈయన ఒక్కరివి కావు, తుహెట్‌వని చెప్పాను. తుహెట్ పేరున ఖాతా ఉన్నదా అని అడిగాడు. సహేతుకమైన ప్రశ్నే.

తుహెట్ అంటే ఒకే మూలం నుండి వచ్చినవారంతా కలిసిన పెద్ద కుటుంబం. భూమి తుహెట్‌ది. ఎవరు ఏ భాగాన్ని అనుభవించాలో తుహెట్ పెద్ద నిర్ణయిస్తారు. అనుభవించే హక్కు ప్రతివారికీ ఉన్నది. అమ్ముకునే హక్కు ఎవరికీ లేదు. 'ఉమ్మడి కుటుంబం' అంటే సరిపోదా అని మిత్రులు అడుగుతారు. సరిపోదు. మన మితాక్షర న్యాయంలో కొడుకు పుట్టుకతోనే వాటాదారు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుండి, దేశమంతటా 2005 నుండి కూతురు కూడా. వాటా ఉన్నదంటే ఏదో ఒకనాడు దానిని కోసి ఇమ్మని అడగవచ్చునని అర్థం. మన ఉమ్మడి పంపకాల కోసం ఎదురుచూసే ఉమ్మడి. నూతినీటికి కూడా వంతులు వేసుకున్నవారం మనము!

మాది కోనసీమ. 1996 నవంబరు 6 నాటి తుపానులో మా తోట చాలామటుకు నేలకొరిగినది. తరువాత పరిహారం వచ్చినప్పుడు కాగితం మీద ఎవరి పేరున్నదో వారికే వచ్చినది. పదేళ్లుగా ఆ తోటను కౌలుకు చేసి, దింపులు తీయించి, ఏ చెట్టు కాయ ఎటువంటిదో చూడకుండానే చెప్పగలిగిన మనిషి పేరు ఏ కాగితంలోనూ లేదు. మా నాన్నగారు తమకు ముట్టిన దానిలో కొంత తీసి ఆయన చేతిలో పెట్టారు. ఆయన కండువా తీసి, వంగి పుచ్చుకున్నారు. హక్కుగా రావలసినది దయగా వస్తే మనిషి అలా వంగవలసి వస్తుందని పదహారేళ్ల వయస్సులో నాకు తెలిసినది.

నికోబార్‌లో జరిగినది మరొక విధం. సాయం దయగా కాక హక్కుగానే వచ్చినది. చేరినది మాత్రం చిన్న కుటుంబాలకు. భార్య, భర్త, పిల్లలు ఒక యూనిట్‌గా, ఒక పేరున బ్యాంకులో సొమ్ము పడినది. ఇచ్చినవారికి దురుద్దేశమున్నదని నేను అనను. ప్రజాధనానికి లెక్క చెప్పవలసినవారికి ఒక పేరు, ఒక సంతకం కావాలి. తుహెట్‌కు సంతకం ఉండదు. కాని ఒకప్పుడు కొబ్బరికాయలనే నాణేలుగా చెల్లించిన సమాజంలో, ఒకే కప్పు కింద పాసుబుక్కు ఉన్నవారు, లేనివారు అని రెండు తెగలు ఏర్పడినవి. మోటారు సైకిళ్లు వచ్చినవి, టెలివిజన్లు వచ్చినవి. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది; సొమ్ము అంతకాలం నిలవలేదు.

ఆ రోజులలోనే దీనికి ఎదురుసాక్ష్యం కూడా చూశాను. తీరభూమి కోల్పోయినవారికి లోతట్టున చోటు కావలసివచ్చినది. అది ఇతర తుహెట్‌ల భూమి. పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు; ఇళ్లు లేచినవి. అద్దె లేదు, దస్తావేజు లేదు.

గ్రేట్ నికోబార్ దక్షిణాగ్రం నుండి ఇండొనేషియాలోని ఆచే ప్రాంతం సుమారు 150 కిలోమీటర్లే. అదే సముద్రం అక్కడ లక్షా అరవై వేలకు పైగా ప్రాణాలను బలిగొన్నది. ఆచే పల్లెను 'గంపోంగ్' అంటారు. వరిపొలాల నడుమ వెలసిన ఊళ్లు. అక్కడి ఆచారం ప్రకారం పెళ్లయిన కూతురికి తల్లిదండ్రులు ఇల్లు ఇస్తారు, అల్లుడే వచ్చి ఆ ఇంట ఉంటాడు. భార్యను వారు 'పో రుమో' అంటారు. ఇంటి యజమాని అని దాని అర్థం. మన 'ఇల్లాలు' అన్న మాట ఇల్లు దాకా వచ్చి ఆగినది; వారి మాట యాజమాన్యం దాకా పోయినది. సునామీలో బందా ఆచే భూమి కార్యాలయపు పుస్తకాలు బురదలో నానిపోతే, వాటిని గడ్డకట్టించి జకార్తాకు చేర్చి, జపాన్ సాయంతో ఆరబెట్టారు. అయితే అక్కడ అధికభాగం భూమికి అసలు పట్టాలే లేవు. 2005లో మొదలైన ప్రణాళిక కింద ఇరుగుపొరుగువారే నిలబడి హద్దులు చూపగా, రెండు లక్షలకు పైగా పట్టాలు ఇచ్చారు. మెచ్చుకోదగిన పనే. అయినా ఆ పట్టాలలో ఎక్కువగా కనబడినవి మగవారి పేర్లు. వాడుకలో ఇంటి యజమాని అయిన ఆమె, పట్టా వచ్చేసరికి యజమాని భార్య అయినది.

ఈ మధ్య శ్రీ విజయపురంలో చదువుకుంటున్న ఒక కార్ నికోబార్ యువకుడు నా వద్దకు వచ్చాడు. ఏదో దరఖాస్తులో 'సొంత ఇల్లు ఉన్నదా' అన్న ప్రశ్నకు ఏమి రాయాలని అడిగాడు. సునామీ తరువాత ప్రభుత్వం కట్టి ఇచ్చిన ఇల్లు తండ్రి పేరున ఉన్నదట. అది నిలిచిన నేల తుహెట్‌ది. పెరటి కొబ్బరిచెట్లు 2006లో మేనమామ నాటినవి. ఇప్పుడు నిండుగా కాస్తున్నవి. ఆ కాయలు మేనమామవా, మీవా అని అడిగితే, ఎవరికి అవసరమైతే వారివన్నాడు. వచ్చే ఏడు అతనికి వివాహం. అతడు అమ్మాయి ఇంటికి పోతాడో, అమ్మాయే అతని ఇంటికి వస్తుందో ఇంకా తేలలేదు. ఏ తుహెట్‌లో పనిచేసే చేతులు తక్కువగా ఉన్నవో చూసి పెద్దలు చెబుతారట.