నులక విప్పిన మంచం

మక్తల్‌లో నులక మంచాలు ఇప్పుడు దాదాపు కనబడవు. వాటితోపాటే, మంచాన పడ్డ మనిషిని చూసుకునే ఒక పద్ధతి కూడా పోయింది.

మా అవ్వకు, అంటే నాయిన తల్లికి, పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. అవి ఎనభైల నాటి రోజులు, మా నారాయణపేట ఇంకా జిల్లా కాలేదు, అయింది 2019లో. పెద్ద దవాఖాన కావాలంటే ఇటు పాలమూరు పోవాలి, అటు కృష్ణ దాటి రాయచూరు పోవాలి. రాయచూరు నుంచి అవ్వను ఇంటికి పంపేశారు. ఆ తర్వాతి వైద్యమంతా ఊరిదే.

మొదట మంచాన్ని మార్చారు. నడుము కిందికి వచ్చే చోట నులక విప్పి, జానెడు సందు వదిలి, మిగిలిన నులకను పట్టెలకు బిగించి కట్టారు. సందు చుట్టూ పాత నేత చీరలు మడతలు పెట్టి కుట్టిన మెత్త వేశారు. కింద గంపలో పొయ్యి బూడిద పోసి, పొద్దునా మాపునా మార్చేవాళ్లు. గదిలో వాసన ఉండేది కాదు. ఇరుగుపొరుగు వచ్చి మంచం పట్టె మీద కూర్చుని ముచ్చట పెట్టాలని అవ్వ కోరిక, వాళ్లు వచ్చేవాళ్లు కూడా. మంచాన్ని వంటింటికి ఎదురుగా వేశారు, రొట్టెలు తట్టే చప్పుడు అవ్వకు వినబడాలని.

ఒళ్లు తుడిచే పని ఊరి మంత్రసానిది. బాలింతలకు నీళ్లు పోసిన చేయి అది. వాయిలాకు వేసి కాచిన నీళ్లలో మోచేయి ముంచి వేడి చూసుకునేది. ఆముదం గోరువెచ్చగా చేసుకుని, అరికాళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి వచ్చేది. చీర మొత్తం తీసేది కాదు. తుడిచే చోటే తొలగించి, తుడవగానే కప్పేది. పడిపోయిన చేతిని ఎత్తే ముందు "అమ్మా, చెయ్యి లేపుతున్న" అని చెప్పేది. ఆ చేతికి స్పర్శ లేదని ఆమెకు తెలుసు. అయినా ఒక్కనాడూ చెప్పకుండా ఎత్తలేదు.

చివర్లో మడమలు, తుంటి, నడుము కొస అరచేత్తో తడిమి చూసేది. మా నల్లని ఒళ్ల మీద చర్మం ఎర్రబడడం తొందరగా కంటికి ఆనదు. అందుకే చూపును కాక చేతిని నమ్మేది. ఎక్కడ వేడి తగిలినా, ఎక్కడ కండ గట్టిపడినా, ఆ పక్కకు పడుకోబెట్టొద్దని మా అమ్మకు చెప్పి పోయేది. మంచం పుండు రాబోతోందనడానికి గుర్తులు ఇవేనని నర్సులకు ఇప్పుడు పాఠంలో నేర్పుతారు. అవ్వ పోయేదాకా ఆమె ఒంటి మీద పుండు పడలేదు.

ఇంత చేసిన మనిషికి మా ఇంట్లో చాయ గ్లాసు వేరు. కూలి కింద జొన్నలు, పండుగకు ఒక చీర. అవ్వ ఒళ్లంతా ఆమె చేతుల్లో ఉండేది, పని కాగానే ఆమె పోయి గడప బయట కూర్చునేది. అందుకే అవి బంగారు రోజులని నేను రాయలేను. రాత్రిళ్లు లేచి అవ్వను ఒరిగించే పని అమ్మది. ఆ పోయిన నిద్ర గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడిన గుర్తు లేదు.

కరువులు, వలసలు వచ్చి ఈ ఏర్పాటును చెల్లాచెదురు చేశాయి. వయసులో ఉన్నవాళ్లు బొంబాయికి, పూణెకు మట్టిపనికి పోతే ముసలివాళ్లు, పిల్లలు ఇళ్లలో మిగిలారు. కాన్పులు దవాఖానకు మారాయి. దాంతో ఎందరో తల్లులు బతికారు, అది మేలే. కాని కాన్పులతోపాటు మంచాన పడ్డవాళ్లను తుడిచే చేయి కూడా పోతుందని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఇప్పుడు ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది. ప్రభుత్వం వారి ఆలన బండిలో నర్సు వచ్చి పుండు కడిగి కట్టు కడుతుంది. ఎంతో మంచి పని. బండి రాని రోజుల్లో మనిషిని ఒరిగించేది ఎవరు? హైదరాబాద్‌లోనైతే నెల జీతానికి మనిషిని పంపే ఏజెన్సీలున్నాయి, ఆ జీతం ఇచ్చుకోగల ఇళ్లు మా దగ్గర తక్కువ. డైపర్లు వచ్చాయి, బూడిద గంప కన్నా సులువే. పొద్దున కట్టింది మాపటిదాకా మార్చకపోతే మాత్రం బూడిద గంపే నయం.

ఆ మంత్రసాని కూడా చివరికి మంచాన పడింది. అప్పటికి ఆసరా పథకం వచ్చి పింఛను 200 నుంచి 1,000 రూపాయలైంది. కొడుకులు పూణెలో ఉన్నారు. చిన్నకోడలు పనికి పోవడం మానుకుని అత్త దగ్గర ఉండిపోయింది. నేను చూడబోయిన నాడు ఆమె అత్త మడమ కింద అరచేయి పెట్టి చూస్తోంది.

"మా అత్తనే నేర్పిచ్చింది అక్కా. పండుకునే చెప్తది, ఈడ చూడు, ఆడ చూడు అని."

పింఛను డబ్బు మందులకే చాలలేదు. కోడలు అన్ని నెలలూ పొద్దుమాపు చేసిన పనికి ఎవరూ కూలి కట్టలేదు. ఉపాధి హామీ లెక్కలో ఆ నెలల్లో ఆమె పేరు పక్కన ఒక్క పనిదినం కూడా ఎక్కలేదు.