రాత్రి భోజనానికి రెండు వారాల ముందే!

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు చూడాల్సినవాటి జాబితా దాదాపు ఒకటే. స్వేచ్ఛా ప్రతిమ, టైమ్స్ స్క్వేర్, నయాగరా, బ్రిడ్జ్‌వాటర్ వెంకన్న గుడి. తిండి దగ్గరికొస్తే మాత్రం ఎక్కడికెళ్లినా డబ్బాలో పులిహోర, సంచిలో పెరుగన్నం. ‘హోటలెందుకురా, ఇంట్లో వండుకోలేమా’ అంటే ఇక పిల్లలూ బలవంతం చేయరు. అలా ఆర్నెల్లూ గడిచిపోతాయి. ఈసారి న్యూజెర్సీ వెళ్లేవాళ్లు మాత్రం ఒక్క సాయంత్రం కేటాయించుకోండి. న్యూయార్క్‌లోని గ్రెనిచ్ విలేజ్‌లో ‘సెమ్మ’ అనే చిన్న రెస్టారెంటు ఉంది. అరవంలో సెమ్మ అంటే మన కుర్రాళ్లు ‘కేక’ అంటారే... అదే!

పగలు వెళ్తే తలుపులు మూసే ఉంటాయి. అక్కడ మధ్యాహ్న భోజనం లేదు, ఉన్నది రాత్రి భోజనమే. రాత్రి మాత్రమే నడిచే హోటళ్లలో పగలంతా ఖాళీ అనుకునేరు. రుబ్బేవి రుబ్బుతూ, నూరేవి నూరుతూ వంటింటి పని అప్పుడే సాగుతుంది. సాయంత్రం 5 గంటల నుంచి జనం మొదలవుతారు.

2021లో తెరిచిన ఈ హోటల్‌కి మరుసటి ఏడాదే మిషెలిన్ స్టార్ వచ్చింది. అప్పటికి న్యూయార్క్ నగరంలో ఆ గుర్తింపు ఉన్న భారతీయ రెస్టారెంటు అదొక్కటే. 2025లో న్యూయార్క్ టైమ్స్ ప్రకటించిన నగరంలోని వంద ఉత్తమ రెస్టారెంట్లలో మొదటి స్థానం దీనిదే. అదే ఏడాది ఇక్కడి చెఫ్ విజయ్ కుమార్ జేమ్స్ బియర్డ్ అవార్డు అందుకున్నారు. ఇన్ని పేర్లొచ్చాక ఊరికే సీటు దొరుకుతుందా?

సీటు దొరికితే సగం పండగే

దొరకదు. అందుకే ముందుగా చేయాల్సింది మీ అబ్బాయితోనో అమ్మాయితోనో చెప్పడం. సీట్లు ఆన్‌లైన్‌లో సుమారు రెండు వారాల ముందు విడుదలవుతాయి. పండగకి రైలు టిక్కెట్లు తీసినట్టే... తెరిచిన కాసేపటికి అయిపోతాయి. శుక్ర, శనివారాల్లో రాత్రి ఏడెనిమిది గంటల సీట్లకే పోటీ ఎక్కువ. మీకు అవి అక్కర్లేదు కదా! ఊళ్లో మీరు పెందలాడే తినేవాళ్లైతే మధ్యవారంలో సాయంత్రం ఐదున్నర సీటు కోసం ప్రయత్నించమనండి. అక్కడి కుర్రకారు వద్దనుకునే వేళ మీకు చక్కగా సరిపోతుంది. సీటు దొరకకపోతే మరో దారి ఉంది. తెరిచే వేళకి ముందే వెళ్లి బార్ దగ్గర ఖాళీ ఉందేమో అడగడం. ఇద్దరైతే కుదరొచ్చు, మనవళ్లతో కలిపి ఆరుగురైతే ఆశ పెట్టుకోవద్దు.

జూన్‌లో వెళ్తే ఒక వింత. న్యూయార్క్‌లో ఆ నెల పొద్దుగూకేది రాత్రి ఎనిమిదిన్నరకి. ‘రాత్రి భోజనం’ నిండు ఎండలో మొదలవుతుంది. డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి, వణికించే చలి. స్వెట్టర్ సరిపోదు, మందపాటి కోటు ఉండాల్సిందే.

బండెక్కే ముందు...

ఎడిసన్, మెట్రోపార్క్ వైపు ఉంటే న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి 1, 2, 3 నంబర్ల సబ్‌వే రైళ్లలో ఏదెక్కినా 14వ వీధికి వెళ్తుంది. జర్సీ సిటీలో ఉంటే పాత్ రైలెక్కి 9వ వీధి స్టేషన్‌లో దిగితే పది నిమిషాల లోపు నడక. కాకపోతే ఆ స్టేషన్లో లిఫ్టు లేదు, మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పులుంటే పెన్ స్టేషన్ దగ్గరే టాక్సీ ఎక్కండి. దూరం సుమారు రెండు కిలోమీటర్లు. తిరుగు రైలు వేళలు ముందే చూసిపెట్టుకుంటే తినేటప్పుడు గడియారం చూసే పని ఉండదు.

నడవగలిగితే ఆ నడకా బాగుంటుంది. మాన్‌హట్టన్ వీధులు చాలావరకు 1811లో గీసిన ప్రణాళిక ప్రకారం గళ్ల నోటుబుక్కులా ఉంటాయి. గ్రెనిచ్ విలేజ్ అంతకుముందే ఏర్పడింది. అందుకే ఇక్కడి దారులు మన పాత ఊళ్లలో సందుల్లా వంకర్లు తిరుగుతాయి. దారిలో గడియారం బురుజుతో ఎర్ర ఇటుకల కట్టడం కనిపిస్తుంది. ఒకప్పటి కోర్టు, ఇప్పుడు జెఫర్సన్ మార్కెట్ లైబ్రరీ. ఫొటోలక్కడ కానిచ్చేయండి.

ఏం తినాలి?

ఇక్కడ బటర్ చికెన్ కోసం వెతకొద్దు. తమిళనాడు, కేరళ, మంగుళూరు, గోవా పల్లెల వంటలివి. హోటల్‌కి పేరు తెచ్చిన గన్‌పౌడర్ దోసె పేరు విని కంగారు పడకండి. నేతితో కాల్చి, కారప్పొడి చల్లి, బంగాళదుంప కూరతో ఇచ్చే దోసె. శాకాహారులైతే దీనితో పాటు మంగుళూరు తరహా గోబీ, ‘ఉళవర్ సందై పొరియల్’ అడగొచ్చు. ఉళవర్ సందై అంటే మన రైతు బజారే. మాంసాహారులకు ‘కుడల్ వరువల్’ ఉంది. అదేమిటని సర్వర్‌ని అడగక్కర్లేదు. తెలంగాణలో ఆదివారం వండే బోటి వేపుడుకి దగ్గరి చుట్టం. మెనూ అప్పుడప్పుడూ మారుతుంటుంది కాబట్టి వెళ్లేముందు వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. కారం తెల్లవాళ్ల కోసం తగ్గించినది కాదు. పిల్లలుంటే ముందే చెప్పాలి. ఈ హోటల్ నడిపే సంస్థ పేరే ‘అనపాలజెటిక్ ఫుడ్స్’. మా వంట ఇంతే, ఎవరికీ సంజాయిషీ ఇవ్వం అని అర్థం.

నత్త కథ

ఇక అసలు వంటకం... ‘నత్తై పిరట్టల్’. నత్తల కూరే! విజయ్ కుమార్‌ది తమిళనాడులోని దిండుగల్లు దగ్గర నత్తం. చిన్నప్పుడు తాతగారింటికి వెళ్లినప్పుడు వరి పొలాల్లో నత్తలు ఏరుకొచ్చి వండుకునేవాళ్లు. అది పేదల తిండి. తింటామని నలుగురిలో చెప్పుకోవడానికి నామోషీ. తర్వాత వంట చదువుకునేటప్పుడు ఫ్రెంచివాళ్లు అదే నత్తని ఖరీదైన విందుగా వడ్డిస్తారని తెలిసి ఆశ్చర్యపోయారాయన. ఇప్పుడు ఆ ఊరి కూరనే న్యూయార్క్ నడిబొడ్డున దోసెలతో పెడుతున్నారు. దాని కోసం జనం వారాల ముందు సీట్లు పట్టుకుంటున్నారు.

ఈ కథ గోదావరి జిల్లాల వాళ్లకి వేరే చెప్పాలా? వానలు పడ్డాక చేలగట్ల మీద నత్తలు ఏరుకోవడం, ఉడికించి గుల్లలోంచి మాంసం తీయడం, మసాలా దట్టించి వండటం చాలా ఇళ్లలో తెలిసిన పనే. చదువుకుని పట్నం చేరాక ఆ మాట ఎత్తడం మానేసినవాళ్లూ ఉన్నారు. బోటిదీ అదే కథ. ఇంట్లో ఇష్టంగా తిని, బయట పేరెత్తని కూరలు ప్రతి జిల్లాలోనూ నాలుగైదుంటాయి.

అమ్మానాన్నలను అక్కడికి తీసుకెళ్లమనేది అందుకే. అమెరికాలో దిగిన దగ్గర నుంచి మీకు అన్నీ పిల్లలే చెబుతారు. రోడ్డు ఎలా దాటాలో, రైల్లో కార్డు ఎక్కడ ఆనించాలో, కాఫీ ఎలా అడగాలో... ఏడేళ్ల మనవడు కూడా ఇంగ్లిష్ ఉచ్చారణ దిద్దుతాడు. ఈ బల్ల దగ్గర కూర్చున్నాక మాత్రం సంగతి తిరగబడుతుంది. నత్తని ఎక్కడ వెతకాలో, ఎన్నిసార్లు కడగాలో, బోటి ఎందుకంత సేపు ఉడకాలో చెప్పగలిగేది తాతయ్యా, నానమ్మే. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు మీ ఊరి చేలగట్టు గురించి చెప్పే సందర్భం మళ్లీ ఎప్పుడొస్తుందో!

బిల్లు చూసి బెదరొద్దు

చవకేం కాదు. దోసె ఒక్కటే 20 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని రూపాయల్లోకి మారిస్తే ముద్ద దిగదు. పైగా అమెరికాలో మెనూలో ఉన్న ధరతో లెక్క ముగియదు. న్యూయార్క్ నగరంలో అమ్మకం పన్ను 8.875 శాతం. సర్వర్‌కి టిప్పు 18 నుంచి 20 శాతం ఇవ్వడం అక్కడి మర్యాద. అంటే 200 డాలర్లు తింటే చేతి నుంచి వదిలేది దాదాపు 258. అందుకే మనిషికొకటి కాకుండా, నాలుగు రకాలు తెప్పించుకుని మధ్యలో పెట్టుకుని పంచుకోండి. మనింట్లో తినే పద్ధతీ అదే కదా.

తిన్నాక ఓపికుంటే వాషింగ్టన్ స్క్వేర్ పార్కు దాకా నడవండి. వాన లేని సాయంత్రాల్లో అక్కడ పాడేవాళ్లు, చదరంగం ఆడేవాళ్లు కనిపిస్తుంటారు. బెంచీ మీద కూర్చుని మనవడికి మిగతా కథ చెప్పొచ్చు. బిల్లు ఎంతయిందని మాత్రం ఆ రాత్రికి అడక్కండి. పిల్లలెలాగూ తక్కువ చేసే చెబుతారు!