మా తమ్ముడు

హాస్టల్లో మిత్రులడిగితే నాకు తమ్ముడు లేడని చెప్పాను. ఉన్నాడు, ఉప్పునుంతలలో. పదేళ్లొచ్చినా మాట రాలేదు. బస్సు హారను వినబడితే చెవులు మూసుకొని మూలకు చేరతాడు. దిష్టి తగిలిందన్నారు, అవ్వ తాయెత్తు కట్టించింది. చివరకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థకు తీసుకుపోతే, ఆటిజం అన్నారు. 2016 చట్టంలోని 21 వైకల్యాలలో అదొకటి. "నా పెంపకం తప్పు కాదు గదా, సారూ?" అని అవ్వ రెండుసార్లడిగింది. కాదన్నారు. బస్సులో వస్తూ ఏడ్చింది. ఒక్కసారి పోయి రావాలంటే రెండు రోజుల కూలి పోతుంది. (పట్నం దగ్గరే అనేవాళ్లు పట్నంవాళ్లే!)

మొన్న సెలవుల్లో వాడు పల్లికాయలను గడపమీద బారుగా పేరుస్తుంటే ఒకటి దాచాను. నా గుప్పిలి విప్పి, కాయ తీసుకొని, నా ముఖంలోకి చూసి నవ్వాడు. అట్లా చూడడం అదే మొదలు.

ఈ సంచిక హాస్టలుకూ వస్తుంది. చదవనీ.