మా ఇంటి నీళ్ళ పైపులు మార్పించిన లెక్క

ఇంటికి రంగులు వేయిస్తే వచ్చినవాళ్ళందరూ చూస్తారు. వంటింట్లో కొత్త అరలు పెట్టిస్తే ఫోటోలు తీసుకుంటారు. గోడలో పైపులు మార్పిస్తే మాత్రం ఎవరికీ కనబడదు. అందుకే ఏ ఇంట్లోనైనా ఈ పని అన్నిటికన్నా వెనకపడుతుంది. మా ఇంట్లోనూ ఏళ్ళ తరబడి అలాగే వెనకపడి, చివరికి మొన్న శివరాత్రి వెళ్ళాక మొదలుపెట్టి పదకొండు రోజుల్లో పూర్తిచేశాం. "ఎంతయింది? ఇల్లంతా పగలగొట్టారా?" అని ఫోన్ చేసి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నాను.

మాది హైదరాబాదులో పాత కాలనీ ఇల్లు. మా మామయ్యగారు 1987లో కట్టించారు. కింద రెండు బాత్‌రూములు, పైన ఒకటి, వంటిల్లు, వెనక బట్టలుతికే చోటు. ఆ రోజుల్లో అందరూ వేయించినట్టే జీఐ పైపులు వేయించారు. అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపులు. ఆ పూత అరిగిపోయాక ఇనుము లోపల్నుంచి తుప్పు పట్టడం మొదలవుతుంది. దానికి తోడు మాకు నల్లా నీళ్ళు చాలక బోరు నీళ్ళు కూడా వాడతాం. స్టీలు గిన్నెల మీద తెల్లమరకలు పెట్టే ఆ సున్నమే పైపుల్లో కూడా పొరలు పొరలుగా పేరుకుంటుంది. పని మొదలైన రోజు కోసిన ముప్పావు అంగుళం పైపు ముక్కను చూస్తే లోపల పెన్సిల్ పట్టేంత సందు మాత్రమే ఉంది.

పైపులు పాడయ్యాయని ఎలా తెలుస్తుందంటే, పొద్దున్నే మొదట కుళాయి తిప్పగానే ఎర్రటి నీళ్ళు వస్తాయి, కాసేపటికి తేరుకుంటాయి. ఒక కుళాయి తిప్పితే ఇంకో కుళాయి సన్నబడుతుంది. బాత్‌రూము అవతలి గోడ మీద రంగు ఉబ్బి పొట్టులా రాలుతుంది. ఎవరూ పెద్దగా నీళ్ళు వాడకపోయినా ట్యాంకు ఖాళీ అవుతుంది. మాకు ఈ నాలుగూ ఉండేవి.

వీటన్నిటికన్నా ముందు మారేది ఇంట్లో ఆడవాళ్ళ వేళలు. మా అత్తయ్యకు డెబ్భై నాలుగేళ్ళు. ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికే స్నానం చేసేవారు. చూసినవాళ్ళు "ఎంత నిష్ఠో!" అనుకునేవాళ్ళు. నిష్ఠేమీ కాదు, ఆ వేళకి ఇంకెవరూ కుళాయి తిప్పరు కాబట్టి బకెట్ నిండుతుంది. నేను పదకొండింటికి, అందరూ బయటికి వెళ్ళాకే వాషింగ్ మెషిన్ వేసేదాన్ని. మా అమ్మాయి తలస్నానం ఆదివారానికే పరిమితం. మావారికి ఇవేమీ తెలియవు. ఆయన ఎనిమిదింటికి బాత్‌రూములోకి వెళ్ళే సరికి మిగతా కుళాయిలన్నీ కట్టేసి ఉంటాయి కదా. ఆయన లెక్కలో మా ఇంట్లో నీళ్ళకి కొదవే లేదు.

ఆయన అభ్యంతరం డబ్బు గురించి కూడా కాదు. మా వీధిలో పాత ఇళ్ళు ఒక్కొక్కటే బిల్డర్లకి డెవలప్‌మెంట్‌కి వెళ్ళిపోతున్నాయి. మాకు అటూ ఇటూ అపార్ట్‌మెంట్లే. "రెండు మూడేళ్ళలో మనమూ ఇచ్చేసేదే. పడగొట్టే ఇంటికి పైపులెందుకు?" అనేవారు. పూనాలో ఉన్న మా మరిదిది కూడా అదే మాట. "వదినా, ఆ లక్ష బ్యాంకులో వేసుకోండి" అన్నాడు. ఆ మాట నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒకసారి, పిల్లలు పుట్టాక ఒకసారి, కరోనా తర్వాత ఇంకోసారి విన్నాను. రెండు మూడేళ్ళు అయిపోతూనే ఉన్నాయి, ఇల్లు అలాగే ఉంది, పైపులు మాత్రం పాతబడుతున్నాయి.

అత్తయ్యకి ఇంకో రకం ఇబ్బంది. ఈ ఇల్లు కట్టేటప్పుడు రెండు నెలలు గోడలకి నీళ్ళు పట్టింది ఆవిడే. మామయ్యగారు పోయాక ఆవిడ ఈ ఇంట్లో ఒక మేకు కొట్టనివ్వడానికి కూడా ఆలోచిస్తారు. గోడలు పగలగొట్టాలంటే ఎలా ఒప్పుకుంటారు?

నేను వాదన పెట్టుకోలేదు. నా ఇంటి ఖర్చుల పుస్తకంలోంచి మూడేళ్ళ లీకుల లెక్క ఒక కాగితం మీద రాసి అన్నం తినేటప్పుడు బల్ల మీద పెట్టాను. ఏడుసార్లు ప్లంబర్ వచ్చాడు. రెండుసార్లు టైల్స్ పగలగొట్టి అతికించారు. ఒకసారి పడకగది గోడకి మళ్ళీ రంగు వేశారు. మొత్తం 27,400 రూపాయలు. ఒక చోట బిగిస్తే ఇంకో చోట కారుతుంది, ఎందుకంటే పైపు వయసు అన్ని చోట్లా ఒకటే. "ఇల్లు ఇచ్చేసే లోపల ఇంకెన్ని సార్లు?" అని మాత్రం అడిగాను. డబ్బు కూడా నేను చూపించాను. వంటింటి అరల కోసం నెలనెలా కట్టుకుంటున్న చీటీ లక్షన్నర అప్పటికే చేతికొచ్చింది. అరలు లేకపోతే వంట ఆగదు కదా.

మావారు కాగితం చూసి ఏమీ అనలేదు. అత్తయ్యే మాట్లాడారు. "ఒరేయ్ నాన్నా, పైపులు మార్చేది నీ బిల్డర్ కోసం కాదురా, నా స్నానం కోసం. చలికాలంలో నాలుగింటికి లేవడం ఇంక నావల్ల కాదు" అన్నారు. మావారు ఆశ్చర్యంగా ఆవిడ వైపు చూశారు. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంటే, "చెప్తే నువ్వు నీళ్ళు తెస్తావా?" అన్నారు. ఆ రాత్రే నిర్ణయమైపోయింది.

ఇంక పని సంగతి. ముగ్గురు ప్లంబర్లని పిలిచాను. ఒకాయన చుట్టూ చూసి "మొత్తం ఎనభై అయిదు వేలమ్మా" అన్నాడు. అందులో ఏమేమి ఉన్నాయంటే చెప్పలేదు. రెండో ఆయన రోజు కూలీ లెక్క చెప్పాడు. అలాగైతే పని సాగినకొద్దీ మనకే ఖర్చు. మూడో ఆయన కాగితం అడిగి, ప్రతి గదిలో ఎన్ని కుళాయిలు, ఎన్ని గీజర్లు ఉన్నాయో లెక్కపెట్టి ఇరవై పాయింట్లు అని రాశాడు. పాయింటుకి 1,500 కూలీ, సామాను మనమే కొనాలి, పగలగొట్టి పూడ్చే తాపీ పని వేరు అన్నాడు. ఏది తన పని, ఏది కాదో ముందే చెప్పినందుకు ఆయనకే ఇచ్చాం.

అందరూ భయపడేది ఇల్లంతా తవ్వాలని. అవసరం లేదండీ. పాత పైపుల్ని గోడల్లోంచి పూర్తిగా పీకక్కర్లేదు. వాటిని కట్ చేసి మూత వేసి గోడలోనే వదిలేయొచ్చు. ట్యాంకు నుంచి దిగే కొత్త లైన్లు ఇంటి బయటి గోడ మీదుగా తెచ్చి, ఏ బాత్‌రూముకి ఆ బాత్‌రూము దగ్గర లోపలికి తీసుకున్నారు. లోపల మాత్రం గోడకి గాడి కొట్టి పైపులు దాచారు. చల్లనీళ్ళకి యూపీవీసీ సరిపోతుంది. గీజర్ నుంచి వచ్చే వేడినీళ్ళకి మాత్రం తప్పకుండా సీపీవీసీ వేయాలి. లోపల రెండు రకాలెందుకని మేము బాత్‌రూముల్లో, వంటింట్లో అంతా సీపీవీసీయే వేయించాం. బయట ఎండ తగిలే పైపులకి రంగు వేయించడం మరిచిపోకండి, ఎండకి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. కుళాయి బిగించే చోట లోపల ఇత్తడి మరలున్న ఫిట్టింగులే అడిగి తీసుకోండి. ఉత్త ప్లాస్టిక్ మరలు నాలుగుసార్లు కుళాయి విప్పితే అరిగిపోతాయి.

ఇంట్లో ఉంటూనే చేయించాం కాబట్టి ఒకేసారి అన్నీ విప్పనివ్వలేదు. ముందు పై బాత్‌రూము, అది పూర్తయి నీళ్ళు వచ్చాక కింది పెద్దది, తర్వాత వంటిల్లు, వెనక వైపు, చివర అత్తయ్య బాత్‌రూము. వంటింటి పని ఒక్క రోజులో ముగించారు. ఆ రోజుకి రెండు డ్రమ్ములు నింపుకుని, ముందు రోజే పులిహోర కలిపి పెట్టుకున్నాను. దుమ్ము మాత్రం చెప్పలేను. దేవుడి గదికి, బీరువాలకి పాత దుప్పట్లు కట్టేశాం.

ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ప్రెషర్ టెస్ట్ కాకుండా సిమెంటు పూయనివ్వకండి. పైపుల చివరలకి మూతలు బిగించి, చేతి పంపుతో నీళ్ళు ఎక్కించి, మీటరు ముల్లు ఎక్కడుందో చూసుకుని కొన్ని గంటలు వదిలేస్తారు. ముల్లు దిగితే ఎక్కడో కారుతున్నట్టు. అతుకులకి పూసిన జిగురు ఆరడానికి కూడా టైమివ్వాలి, కాబట్టి మేము రాత్రంతా ఆగి మర్నాడు పెట్టాం. తాపీమేస్త్రీ పొద్దున్నే సిమెంటు కలపబోతుంటే నేను ఆపాను. కింది బాత్‌రూములో ముల్లు నిజంగానే దిగింది. గీజర్ వెనక ఒక మలుపు దగ్గర చెమ్మ. పది నిమిషాల్లో సరిచేశారు. అదే టైల్స్ అతికించాక తెలిసి ఉంటే మళ్ళీ మొదటికి వచ్చేది.

పూడ్చే ముందు ప్రతి గోడనీ టేపు ఆనించి ఫోనులో ఫోటోలు తీసుకోండి. నేల నుంచి ఎంత ఎత్తులో, తలుపు నుంచి ఎంత దూరంలో పైపు ఉందో తెలుస్తుంది. రేపు అద్దం కోసం మేకు కొట్టేటప్పుడు పనికొస్తుంది. ప్రతి బాత్‌రూముకీ విడిగా ఒక వాల్వు పెట్టించుకోండి. ఒక కుళాయి పాడైతే ఇల్లంతా నీళ్ళు ఆపక్కర్లేదు.

ఇక ఖర్చు ఇలా అయింది:

పైపులు, ఫిట్టింగులు, వాల్వులు – 41,000
ప్లంబర్ కూలీ, 20 పాయింట్లు – 30,000
తాపీమేస్త్రీ, సహాయకుడు, 7 రోజులు – 13,300
టైల్స్, సిమెంటు, ఇసుక – 17,500
కొత్త కుళాయిలు, షవర్లు – 19,000
గోడలకి రంగు – 9,000
చెత్త ఎత్తించడం – 3,500

మొత్తం 1,33,300. బయటి వైపు విప్పిన పాత ఇనుప పైపులు అరవై కిలోలు తూగితే కిలో ముప్పై చొప్పున 1,800 వచ్చింది. ఈ లెక్కలో గమనించాల్సిందేమిటంటే, పైపులకీ ప్లంబర్‌కీ కలిపి అయింది 71,000 మాత్రమే. పగలగొట్టినదాన్ని మళ్ళీ బాగుచేయడానికి, కుళాయిలకి దాదాపు అంతే అయింది. ప్లంబర్ చెప్పిన అంకె చూసి దిగకండి, దానికి రెట్టింపు చేతిలో ఉంచుకోండి. పాత టైల్స్‌కి జత దొరకవు. మేము గాడి కొట్టిన మేర ముదురు నీలం టైల్స్ పట్టీలా వేయించాం. ముందే అనుకుని చేసినట్టుంది.

అన్నీ సరైపోయాయని చెప్పను. పై బాత్‌రూములో షవర్ ఇప్పటికీ జోరుగా రాదు. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే ఒత్తిడి అంత వస్తుంది, పది మీటర్ల ఎత్తుకి ఒక బార్. పై అంతస్తుకీ ట్యాంకుకీ రెండు మీటర్ల తేడా కూడా లేదు. ప్లంబర్ ఈ మాట ముందే చెప్పాడు. బకెట్ మాత్రం తొందరగా నిండుతోంది, అది చాలు.

బిల్డర్ మాట ఇంకా అలాగే ఉంది. ఉగాదికి మా మరిది వచ్చినప్పుడు అన్నదమ్ములిద్దరూ వరండాలో కూర్చుని మళ్ళీ అదే మాట్లాడుకున్నారు. ఎప్పుడో ఒకప్పుడు ఇస్తారేమో. అప్పుడు నా లక్షా ముప్పై వేలూ ఆ మట్టిలో కలిసిపోతాయి, నిజమే. కానీ ఇచ్చేదాకా ఈ ఇంట్లో ఉండేది మేమే, రోజూ నీళ్ళు పట్టుకునేది మేమే. రేపు పోయే ఇల్లని ఈ రోజు ఇబ్బందిపడుతూ కూర్చుంటే ఆ రేపు ఎన్నాళ్ళకి వస్తుందో ఎవరికి తెలుసు?

అత్తయ్య ఇప్పుడు ఆరున్నరకి లేచి, కాఫీ తాగి, పేపరు చదివి, తీరిగ్గా ఏడున్నరకి స్నానానికి వెళ్తున్నారు. ఆ వేళకి మావారికి ఆఫీసు తొందర. ఇద్దరికీ ఒకేసారి నీళ్ళు వస్తున్నాయి. వంటింటి అరల కోసం నేను కొత్త చీటీలో చేరాను.