ఇఫిజీనియా పేరెత్తని న్యాయస్థానం

గ్రీకు విషాదాంత నాటకాలు చదివినప్పుడల్లా నన్నొక ప్రశ్న వెంటాడుతూ వుంటుంది. ఆంటిగొనీని వీరనారిగా కీర్తించే మనం క్లైటెమ్నెస్ట్రాను పతిహంతకిగా మాత్రమే ఎందుకు గుర్తుంచుకుంటున్నాం? ఇద్దరూ రాజులను ఎదిరించినవారే. ఇద్దరూ తమవారికి జరిగిన అన్యాయాన్ని సహించనివారే.

సోఫోక్లీస్ నాటకంలో ఆంటిగొనీ రాజాజ్ఞను ధిక్కరించి సోదరుడి శవం మీద మన్ను చల్లింది, అందుకు ప్రాణమిచ్చింది. ఆ ధైర్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఆమె నిలబడింది పుట్టింటి పురుషుని గౌరవం కోసం. ఈస్కిలస్ చిత్రించిన క్లైటెమ్నెస్ట్రా కత్తి పట్టింది ముఖ్యంగా కూతురి కోసం. ట్రాయ్ మీదికి వెళ్లే ఓడలకు గాలి అనుకూలించాలని అగమెమ్నన్ కన్నకూతురు ఇఫిజీనియాను ఆలిస్ రేవులో బలి ఇచ్చాడు. పదేళ్ల తర్వాత విజేతగా తిరిగివచ్చిన అతన్ని భార్య చంపింది. ఆ తల్లిని కొడుకు ఒరెస్టీస్ చంపాడు.

క్రీ.పూ. 458లో ప్రథమ బహుమతి పొందిన ఈ నాటకత్రయం చివరి భాగంలో కథ ఏథెన్సు న్యాయస్థానానికి చేరుతుంది. పగకు పగ అనే పాత ధర్మం పోయి పౌరులు వాదనలు విని తీర్పు చెప్పే పద్ధతి రావడం పెద్ద ముందడుగే. అయితే ఆ అడుగు ఎవరిని తొక్కుకుంటూ పడిందో కూడా చూడాలి. తల్లి అసలు జనని కాదనీ, తండ్రి నాటిన బీజాన్ని పెంచే దాది మాత్రమేననీ అపోలో వాదిస్తాడు. స్త్రీ క్షేత్రం, పురుషుడు బీజం అన్న మనుస్మృతి భావన ఎరిగిన మనకు ఈ వాదం కొత్తది కాదు. తల్లి లేకుండా పుట్టిన ఎథీనా ఒరెస్టీస్ పక్షాన ఓటు వేస్తుంది. ఓట్లు సమానం కావడంతో అతడు విడుదలవుతాడు.

మాతృహక్కు మీద పితృహక్కు సాధించిన విజయమిదన్న బాకోఫెన్ వ్యాఖ్యానాన్ని ఎంగెల్స్ 1891లో ఒక పీఠికలో మెచ్చుకున్నాడు. మాతృస్వామ్య యుగం ఒకటి వుండేదన్న ఊహను నేటి చరిత్రకారులలో చాలామంది అంగీకరించరు. అయినా ఆ తీర్పు వెనుక వున్న సమాజం ఊహ కాదు. ఆనాటి ఏథెన్సులో స్త్రీకి ఓటు లేదు. తీర్పరులలో స్థానం లేదు. రంగం మీద స్త్రీ పాత్రలు ధరించినదీ పురుషులే.

అన్నిటికంటె నన్ను కలచివేసేది మరొకటి. ఆ విచారణ ఆద్యంతమూ ఇఫిజీనియా పేరు ఎవరూ ఎత్తరు.

క్లైటెమ్నెస్ట్రా నిర్దోషి అని నేననను. ట్రాయ్ నుంచి చెరపట్టి తెచ్చిన కసాండ్రానూ ఆమే చంపింది. రాణి పక్షాన వాదించడానికి కనీసం ప్రతీకార దేవతలు వున్నారు. దాసికి ఎవరూ లేరు. ఆమె పేరూ ఆ సభలో వినిపించదు. స్త్రీ కావడం ఒక శిక్ష అయితే బానిస స్త్రీ కావడం రెండింతల శిక్ష.

ఈ ఇద్దరి గొంతూ యురిపిడీస్ నాటకాలలో మళ్లీ వినిపిస్తుంది. మీలోస్ దీవిని జయించి, పురుషులను చంపి, స్త్రీలనూ పిల్లలనూ ఏథెన్సు బానిసలుగా అమ్మిన కొద్దికాలానికే, క్రీ.పూ. 415లో, ఆయన ట్రాయ్ బందీ స్త్రీలను ఆ నగరం ముందే నిలబెట్టాడు. వారిలో కసాండ్రా వుంది. ఆయన మరణానంతరం ప్రదర్శితమైన మరో నాటకంలో ఇఫిజీనియా బతకనివ్వమని తండ్రిని వేడుకుంటుంది. చివరికి చావుకు ఒప్పుకున్నా ఆ వేడుకోలు చెరిగిపోదు.

న్యాయస్థానం వదిలేసిన పేర్లను రంగస్థలం పలికింది. వీరులెవరని మన విద్యార్థులకు బోధించే ముందు, ఎవరి ఫిర్యాదు విచారణకే రాలేదో అడగడం నేర్పాలని నా మనవి.